పొగబండి తొలినాటి కట్టుబాట్లు

దారి ఎంత కష్టమైనదైనా బాటసారి ఆ దారిమీద స్వతంత్రుడు. ఎండ ముదిరితే చెట్టునీడన ఆగుతాడు. వాన వస్తే సత్రంలో తల దాచుకొంటాడు. మంచి తోడు దొరికితే నడక తగ్గించి కబుర్లాడుకొంటూ పోతాడు. 1830 మే నెలలో మద్రాసు నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ప్రయాణం ఇటువంటిదే. పల్లకీ, బోయీలు, పరివారం వెంట రాగా ఆయన మజిలీ మజిలీకి ఆగుతూ, చూసిన విశేషాలు రాసుకొంటూ సాగి, 1831 సెప్టెంబరులో గాని ఇల్లు చేరలేదు. ఎప్పుడు కదలాలో, ఎక్కడ దిగాలో, ఎంతసేపు నిలవాలో నిర్ణయించుకొన్నది ఆయనే. ఆ యాత్ర సాగుతున్న రోజులలోనే, 1830 సెప్టెంబరు 15న, ఇంగ్లండులో లివర్‌పూల్, మాంచెస్టరు నగరాల నడుమ ఒక రైలుమార్గం ప్రారంభమైంది. దానిమీద ప్రయాణించాలనుకొన్న మనిషి బాటసారి స్వాతంత్ర్యాన్ని స్టేషను గుమ్మం దగ్గరే వదలి లోపలికి అడుగుపెట్టవలసి వచ్చింది. అంతవరకు ఎరుగని వేగం అతనికి దక్కింది. దానికి మారుగా అతడు ఒక నిబంధనల పట్టికకు తల ఒగ్గాడు.

ఈ నిబంధనలు పుట్టడానికి కారణం వేగమే. గుర్రపుబండికి ఎదురుగా మరొక బండి వస్తే తోలేవాడు పక్కకు తప్పుకొంటాడు. కళ్లెం లాగితే గుర్రం నిలుస్తుంది. ఇనుప పట్టాలమీద పక్కకు తప్పుకోవడమన్నది లేదు. బరువైన బండి ఒకసారి పరుగందుకొంటే అనుకొన్న చోట నిలవదు. అందువల్ల బాటమీద ఇద్దరు మనుషులు మాటలతోనో కేకలతోనో తేల్చుకొనే సంగతులన్నింటినీ ముందుగానే కాగితంమీద తేల్చి ఉంచవలసిన అవసరం కలిగింది. అయితే ఆ కాగితాన్ని రాసిన చెయ్యి రైలు కంపెనీది. తొలి నిబంధనలు ప్రయాణికుణ్ణి, ఉద్యోగిని కట్టివేసినంత గట్టిగా కంపెనీని కట్టివేయలేదు. కంపెనీ తానుగా తలవంచవలసిన నియమాలు ఒక్కొక్కటే, చాలా ఆలస్యంగా, చాలా ప్రాణాల ఖరీదుకు వచ్చాయి.

లివర్‌పూల్ మార్గానికి అయిదేళ్ల ముందే, 1825 సెప్టెంబరు 27న, స్టాక్‌టన్, డార్లింగ్టన్ పట్టణాల మధ్య మరొక మార్గం మొదలైంది. అది ప్రధానంగా బొగ్గు రవాణా కోసం వేసిన ఒంటిదారి. తొలి సంవత్సరాలలో అది ఒక విధంగా రహదారి వంటిదే. సుంకం చెల్లించినవారు తమ గుర్రాన్ని, తమ బండిని పట్టాలమీదికి తెచ్చుకోవచ్చు. ఆవిరి ఇంజను, గుర్రాలు లాగే బొగ్గుబండ్లు, గుర్రం లాగే ప్రయాణికుల బండి - అన్నింటికీ ఆ ఒక్క దారే. ఎదురెదురుగా వచ్చిన బండ్లు తప్పుకోవడానికి మధ్య మధ్య పక్కదారులు వేశారు. ఇంజను వస్తే గుర్రపుబండి తప్పుకోవాలి. మరి రెండు గుర్రపుబండ్లే ఎదురుపడితే? దానికొక ఉపాయం ఆలోచించారు. రెండు పక్కదారులకు సరిగా నడుమ ఒక గుంజ పాతారు. ఆ గుంజను ముందుగా దాటినవాడిది దారి. రెండోవాడు వెనక్కి పోయి పక్కదారిలో నిలవాలి.

వినడానికి ఇది ఎంతో న్యాయమైన ఏర్పాటు. ఆచరణలో మాత్రం గుంజ దగ్గర తగాదాలు తప్పలేదు. గుంజను ఎవరు ముందు దాటారో చీకటిలో చెప్పగల సాక్షి ఎవరు? తాగి వచ్చినవాడు వెనక్కి పోనని భీష్మించి కూర్చొంటే చేసేదేమిటి? బండివానికి కూలి మోసిన బరువును బట్టి ముట్టేది గాని, పట్టిన కాలాన్ని బట్టి కాదు. కాబట్టి వెనక్కి తగ్గిన ప్రతి గజమూ అతని కూటికి నష్టమే. చివరకు 1833లో కంపెనీ ఆ మార్గంమీది రాకపోకలనన్నింటినీ తన చేతిలోకి తీసుకొన్నది. ఒక దారిమీద నడిచే బండ్లన్నీ ఒకే ఆజ్ఞకు లోబడాలన్న పాఠం రైలుకు అలా అబ్బింది.

లివర్‌పూల్ మార్గం ప్రారంభమైన రోజునే మరొక పాఠం నేర్పింది. అది మరింత కఠినమైనది. ఆనాటి ఉత్సవానికి ఇంగ్లండు ప్రధానమంత్రి వెల్లింగ్టన్ ప్రభువు విచ్చేశాడు. అతిథులతో నిండిన రైళ్లు జంట పట్టాలమీద సాగుతున్నాయి. పార్క్‌సైడ్ అనేచోట ప్రధానమంత్రి రైలు నీటి కోసం ఆగింది. బండి దిగవద్దని అతిథులకు ముందుగానే హెచ్చరిక చేసి ఉన్నారు. కాని బండి ఆగితే కాళ్లు సాచుకోవడానికి దిగడం గుర్రపుబండి ప్రయాణికునికి తరతరాల అలవాటు. సుమారు యాభై మంది పెద్దమనుషులు దిగి పట్టాల మీద అటూ ఇటూ తిరగసాగారు. వారిలో లివర్‌పూల్ నగరం తరఫున పార్లమెంటు సభ్యుడైన విలియం హస్కిసన్ ఒకడు. ప్రధానమంత్రితో ఆయనకు కొంతకాలంగా మనస్పర్థలున్నాయి. ఆ శుభదినాన కలిసి నాలుగు మాటలాడి స్నేహం పునరుద్ధరించుకొందామని ఆయన ప్రభువు పెట్టె దగ్గరికి నడిచాడు. ఇంతలో పక్క పట్టాలమీద ‘రాకెట్’ అనే ఇంజను వస్తున్నదని కేకలు వినిపించాయి. ఆ ఇంజనుకు బ్రేకు లేదు. చక్రాలను వెనక్కి తిప్పి ఆపవలసిందే గాని వేరు మార్గం లేదు. తక్కినవారు తప్పుకొన్నారు. హస్కిసన్ తడబడి పెట్టె తలుపును పట్టుకొన్నాడు. ఆ తలుపు బార్లా తెరుచుకొని ఆయనను ఇంజనుకు ఎదురుగా వేలాడదీసింది. కాలు నుజ్జయిన ఆయనను మరొక ఇంజనుమీద వేగంగా ఎకిల్స్ అనే ఊరికి చేర్చారు. ఆ ఇంజనును నడిపినవాడు ఆ మార్గాన్ని నిర్మించిన జార్జి స్టీవెన్‌సనే. ఆ రాత్రే హస్కిసన్ కన్నుమూశాడు.

నియమం ఉన్నది, దాన్ని పాటించలేదు, ప్రాణం పోయింది. పైపైన చూస్తే కథ ఇంతే. కాని రెండు పట్టాల జంటల మధ్య మనిషి నిలవడానికి చాలినంత చోటు వదలలేదన్నదీ, వచ్చే ఇంజనుకు బ్రేకు లేదన్నదీ ఈ కథలోని భాగాలే. తొలినాటి కంపెనీలు ఈ రెండో భాగం కంటె మొదటి భాగాన్నే బాగా గుర్తుపెట్టుకొన్నాయి. ప్రయాణికుడు చెప్పినమాట వినడు కాబట్టి అతన్ని దిగనీయకూడదన్నది వారు తీసిన సారాంశం. పెట్టె తలుపులకు బయటినుండి తాళాలు పడ్డాయి.

ఈ తాళం సంగతి కొంత వివరంగా చెప్పుకోదగినది. రైలు నడుస్తుండగా దిగేవారు, ఆగీ ఆగకముందే దూకేవారు ఉన్నమాట నిజమే. అటువంటివారి క్షేమం కోసమే తాళమని కంపెనీలు వాదించాయి. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయి వేడుకలు చూసి పారిస్ నగరానికి తిరిగి వస్తున్న రైలు, ముందున్న ఇంజను ఇరుసు విరిగి, మెడాన్ దగ్గర బోల్తాపడింది. వెనుక పెట్టెలు వచ్చి ఇంజన్లమీద పడ్డాయి. నిప్పు అంటుకొన్నది. కొయ్యపెట్టెలకు తాళాలు వేసి ఉన్నాయి. యాభైమందికి పైగా సజీవంగా దహనమయ్యారు. ప్రపంచమంతా నౌకాయానం చేసి, దక్షిణ ధ్రువ ప్రాంతపు మంచు సముద్రాలను గాలించి క్షేమంగా తిరిగివచ్చిన నావికాధిపతి డ్యూమాంట్ దుర్విల్ భార్యతోనూ కుమారునితోనూ ఆ పెట్టెలలో ఒకదానిలో మరణించాడు. ఫ్రాన్సులో తాళాల పద్ధతి దానితో అంతరించింది. ఇంగ్లండులో సిడ్నీ స్మిత్ అనే మతాచార్యుడు, చమత్కారానికి పేరుపడ్డ రచయిత, తాళం వేసే కంపెనీలను దుయ్యబడుతూ పత్రికకు లేఖలు రాశాడు. ఏ బిషప్పో మంటలలో పడితే తప్ప వీరికి బుద్ధి రాదని ఎత్తిపొడిచాడు. పెద్దలు మరణిస్తే తప్ప కదలని లోకరీతిని ఆయన బాగా ఎరుగును.

ప్రయాణికునిపై విధించిన కట్టుబాట్లలో అన్నిటికంటె నిరపాయమైనదీ, అన్నిటికంటె దీర్ఘకాలం నిలిచినదీ టిక్కెట్టు. మొదట్లో గుమాస్తా ఒక్కొక్కరికీ చేతితో చీటి రాసి ఇచ్చేవాడు. పది మంది వరుసలో నిలిస్తే రైలు బయలుదేరే వేళ దాటేది. వసూలైన సొమ్ములో ఎంత కంపెనీకి చేరిందో తేల్చి చెప్పడమూ కష్టమే. న్యూకాజిల్-కార్లైల్ మార్గంలో మిల్టన్ అనే చిన్న స్టేషనుకు 1836లో థామస్ ఎడ్మండ్‌సన్ అనే ఉద్యోగి వచ్చాడు. అంతకుముందు ఆయన కొయ్యసామాను వ్యాపారం చేసి దివాళా తీసినవాడు. ముందుగానే వరుస సంఖ్యలు ముద్రించిన చిన్న అట్టముక్కలను, వాటిమీద తేదీ గుద్దే యంత్రాన్ని ఆయన రూపొందించాడు. అమ్మకం ముగిశాక మిగిలిన అట్టముక్క సంఖ్యను చూస్తే ఎన్ని టిక్కెట్లు అమ్ముడుపోయాయో ఇట్టే తెలుస్తుంది. ప్రయాణికుణ్ణి అదుపులో పెట్టడానికే గాక గుమాస్తా చేతివాటాన్ని అరికట్టడానికి కూడా ఇది పనికివచ్చింది. రెండుంబావు అంగుళాల పొడవున్న ఆ అట్టముక్క సముద్రాలు దాటి వచ్చి, ఇరవయ్యో శతాబ్దమంతా భారతదేశపు స్టేషన్ల కిటికీలలో టకటకమని తేదీ గుద్దించుకొన్నది.

ప్రయాణికుల సంగతి ఇలా ఉండగా, పట్టాలమీద ఒకదాని వెనుక ఒకటి పోయే రైళ్ల మధ్య దూరం కాపాడడం మరొక పెద్ద సమస్య. ఈ పనికి కంపెనీలు దారిపొడవునా కాపలాదారులను నిలిపాయి. వారిని పోలీసులనే పిలిచేవారు. పగలు జెండాలు, రాత్రి దీపాలు వారి ఆయుధాలు. తెలుపు రంగుకు ‘దారి తెరిచి ఉన్నది’ అని అర్థం. ఎరుపుకు ‘ఆగు’ అని అర్థం. ఆకుపచ్చకు ‘మెల్లగా పో’ అని అర్థం. నేడు ఒక పనికి అనుమతి దొరికితే పచ్చజెండా ఊపారని అనడం వాడుక. ఆనాటి డ్రైవరుకు మాత్రం ఆ జెండా హెచ్చరికే గాని అనుమతి కాదు. తెల్లదీపానికి ఒక ప్రమాదం ఉన్నది. ఎర్ర అద్దం పగిలిపోతే లోపలి దీపం తెల్లగానే కనిపిస్తుంది. ‘ఆగు’ అన్న ఆజ్ఞ ‘పో’ అన్న ఆజ్ఞగా మారుతుంది. పైగా ఊళ్లు పెరిగినకొద్దీ ఇళ్లలోని దీపాలకూ సిగ్నలు దీపానికీ తేడా తెలియకుండా పోయింది. క్రమంగా తెలుపును తొలగించి ఆకుపచ్చకు అనుమతి స్థానమిచ్చారు. మెల్లగా పొమ్మని చెప్పే పని కాలక్రమాన పసుపుకు దక్కింది.

జెండా ఎంతసేపు చూపాలన్నది గడియారాన్ని బట్టి నిర్ణయించారు. ఒక రైలు దాటిపోయాక చాలా మార్గాలలో అయిదు నిమిషాలు ఎర్రజెండా, ఆ తరువాత మరికొన్ని నిమిషాలు ఆకుపచ్చ జెండా చూపేవారు. అటుపిమ్మట దారి తెరిచినట్లే లెక్క. ముందు పోయిన రైలు ఎక్కడో ఆగిపోయి ఉండవచ్చు. ఇంజను చెడిపోయి ఉండవచ్చు. ఆ సంగతి కాపలాదారుకు తెలిసే వీలు లేదు. నిమిషాలు గడిచాయి కాబట్టి దారి ఖాళీ అయి ఉంటుందని నమ్మడమే. విద్యుత్తు తంతి వచ్చాక మరొక పద్ధతి సాధ్యమైంది. దారిని భాగాలుగా విభజించి, ఒక భాగంలో ఉన్న రైలు అవతలి కొన దాటిందని తంతి ద్వారా కబురు వచ్చేవరకు రెండో రైలును ఆ భాగంలోకి పోనీయకుండా ఆపవచ్చు. కాలాన్ని కాక దూరాన్ని కాపాడే ఈ పద్ధతి ఎంతో క్షేమకరమని తెలిసి కూడా చాలా కంపెనీలు ఖర్చుకు వెరచి దశాబ్దాల తరబడి తాత్సారం చేశాయి.

గడియారంమీద ఇంత భారం మోపినప్పుడు, ఏ గడియారమన్న ప్రశ్న తప్పదు. అంతవరకు ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. లండనుకు పడమరనున్న బ్రిస్టల్ నగరంలో గడియారం పది నిమిషాలు వెనుక నడిచేది. 1840లో గ్రేట్ వెస్టరన్ రైల్వే తన స్టేషన్లన్నింటా లండను సమయాన్నే పాటించాలని నిర్ణయించింది. బ్రిస్టల్ వర్తకులు తమ గడియారానికి రెండు నిమిషాల ముళ్లు అమర్చుకొని, ఊరి సమయాన్నీ రైలు సమయాన్నీ పక్కపక్కనే చూసుకొన్నారు. దేశమంతటికీ ఒకే సమయమని బ్రిటిషు పార్లమెంటు చట్టం చేసింది 1880లో గాని కాదు. రైలు నలభై ఏళ్ల ముందే ఆ పని మొదలుపెట్టింది. భారతదేశంలో రైళ్లు చాలాకాలం మద్రాసు సమయం ప్రకారం నడిచాయి. మద్రాసు సమయానికి బొంబాయి సుమారు అరగంట వెనుక, కలకత్తా సుమారు అరగంట ముందు ఉండేవి. 1906లో దేశమంతటికీ ఒకే ప్రామాణిక సమయం ఏర్పడేవరకు ప్రయాణికుడు ఊరి గడియారాన్ని నమ్ముకొంటే రైలు తప్పే ప్రమాదం ఉండేది.

ఇంతవరకు చెప్పిన కట్టుబాట్లు ఎక్కువగా కంపెనీలు తమకై తాము చేసుకొన్నవి. ప్రభుత్వం కల్పించుకొని కంపెనీలను కట్టడి చేయడానికి పేదవారి చావు కారణమైంది. 1841 డిసెంబరు 24 తెల్లవారుజామున గ్రేట్ వెస్టరన్ మార్గంలో, సానింగ్ దగ్గర గట్టు విరిగి మట్టి పట్టాలమీద పడి ఉన్నది. చీకటిలో వచ్చిన సామాను రైలు దానిని ఢీకొన్నది. ఇంజనుకు వెనుకనే మూడో తరగతి ప్రయాణికుల బండ్లు ఉన్నాయి. వాటికి పైకప్పు లేదు. పక్క చెక్కలు మోకాటి ఎత్తుకు మించవు. వెనుకనున్న సామాను బండ్ల బరువంతా వారిమీద విరుచుకుపడింది. ఎనిమిది మంది అక్కడే మరణించారు. మరొకరు తరువాత పోయారు. వారిలో ఎక్కువ మంది లండనులో పార్లమెంటు భవనం కడుతూ, క్రిస్మసు పండుగకు ఇంటికి పోతున్న రాతిపనివారు. చట్టాలు చేసే సభకు గోడలు లేపినవారికి ఆ చట్టాల నీడ అందలేదు.

మూడేళ్లకు, 1844లో, గ్లాడ్‌స్టన్ పూనికతో ఒక చట్టం వచ్చింది. ఆ తరువాత ఏర్పడే ప్రతి కంపెనీ రోజుకు కనీసం ఒక రైలునైనా రెండు వైపులా నడపాలి. అది ప్రతి స్టేషనులో ఆగాలి. గంటకు 12 మైళ్లకు తగ్గకుండా పోవాలి. మూడో తరగతి పెట్టెలకు కప్పు, కూర్చోవడానికి బల్లలు ఉండాలి. మైలుకు ఒక పెన్నీకి మించి వసూలు చేయరాదు. 56 పౌండ్ల సామానును ఉచితంగా తీసుకుపోనీయాలి. మూడేళ్లలోపు పిల్లలకు ఛార్జీ లేదు. పన్నెండేళ్ల వరకు సగం. ప్రయాణికుడు ఏమి చేయకూడదో చెప్పే పట్టికలు అప్పటికి ఎన్నో ఉన్నాయి. అతనికి ఏమి ఇచ్చి తీరాలో ఇంత స్పష్టంగా చెప్పిన శాసనం అరుదు.

రైలు పెట్టె రోజులు గడిచినకొద్దీ మరొక భయానికి తావిచ్చింది. ఆనాటి పెట్టెలో ఒక గదికి మరొక గదితో సంబంధం లేదు. రైలు కదిలితే మళ్లీ ఆగేవరకు లోపలివారిది ఒంటరి లోకం. 1864 జులైలో లండనులో ఒక వృద్ధ బ్యాంకు ఉద్యోగి మొదటి తరగతి గదిలో హత్యకు గురయ్యాడు. హంతకుడు ఆయన శరీరాన్ని పట్టాలమీద పడవేశాడు. మొదటి తరగతి ప్రయాణికులు కూడా భయపడడంతో చర్య తొందరగానే జరిగింది. ఇరవై మైళ్లకు పైగా ఆగకుండా పోయే రైళ్లలో ప్రయాణికులు గార్డును పిలవడానికి ఏదో ఒక సాధనం ఉండాలని 1868 చట్టం శాసించింది. నేటి రైలు పెట్టెలోని గొలుసుకు అదే మూలపురుషుడు. అకారణంగా లాగినవారికి జరిమానా కూడా ఆ చట్టంలోనే ఉన్నది.

నియమం పుస్తకంలో ఉన్నంత మాత్రాన చాలదనడానికి 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ దగ్గర జరిగిన ప్రమాదం నిదర్శనం. అక్కడ ఒక వంతెనమీద పట్టాలు తీసి మరమ్మతు చేస్తున్నారు. సముద్రపు పోటును బట్టి రోజుకొక వేళకు వచ్చే రైలొకటి ఆ దారిలో ఉన్నది. మేస్త్రీ కాలపట్టికను పొరపాటుగా చదివి, ఆ రైలు ఇంకా రెండు గంటలకు గాని రాదనుకొన్నాడు. ఎర్రజెండా పట్టుకొన్న మనిషి పనిచోటికి వెయ్యి గజాల దూరాన నిలవాలన్నది నియమం. తంతి స్తంభాలను లెక్కపెట్టి దూరం కొలవడం అక్కడి పద్ధతి. ఆ చోట స్తంభాలు మామూలు కంటె దగ్గర దగ్గరగా పాతి ఉన్నాయి. జెండా మనిషి నిలిచినది 554 గజాల దగ్గరే. డ్రైవరు జెండాను చూశాడు, బ్రేకు వేయించాడు, చాలినంత దూరం లేదు. పది మంది మరణించారు. ప్రఖ్యాత నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ఆ రైలులోనే ఉన్నాడు. ఆయన పెట్టె వంతెన అంచున వేలాడుతూ నిలిచిపోయింది. ఆయన కిందికి దిగి, టోపీతో నీళ్లు తెచ్చి క్షతగాత్రులకు పోశాడు. ఆ గజాల లోటు ఎవరి తప్పు? నియమం తెలిసిన జెండా మనిషిదా? స్తంభాలే కొలత అని అలవాటు చేసిన వ్యవస్థదా? మేస్త్రీకి మాత్రం జైలు శిక్ష పడింది.

చిట్టచివరకు కంపెనీల తాత్సారానికి తెరదించినది 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా దగ్గర జరిగిన దుర్ఘటన. పిల్లలు, పెద్దలు కలిసి సముద్రతీర విహారానికి బయలుదేరిన రైలు అది. పెట్టెల తలుపులకు తాళాలు వేసి ఉన్నాయి. మెడాన్ మంటలు ఆరి నలభై ఏడేళ్లు గడిచినా ఆ తాళం మాత్రం ఊడలేదు. ఎత్తు ఎక్కలేక ఇంజను ఆగిపోయింది. రైలును రెండుగా విడదీసి, ముందు సగాన్ని పైకి చేర్చి వద్దామనుకొన్నారు. వెనుక సగం జారకుండా చక్రాల కింద రాళ్లు పెట్టారు. ముందు సగం కదలబోతూ కాస్త వెనక్కి జారి తగిలింది. రాళ్లు పిండి అయ్యాయి. వెనుక పెట్టెలు పల్లానికి పరుగుతీశాయి. ఆ దారిలో నిమిషాల లెక్కే గాని దూరం లెక్క లేదు. నిర్ణీత నిమిషాలు గడిచాయి కాబట్టి వెనుక మరొక రైలు అప్పటికే బయలుదేరి వస్తున్నది. దాదాపు 80 మంది మరణించారు. వారిలో పసివాళ్లు ఎందరో. ఆ సంవత్సరమే పార్లమెంటు చట్టం చేసింది. దూరాన్ని కాపాడే పద్ధతి, సిగ్నళ్లకు పట్టాల మలుపులకు లంకె, పెట్టెలు విడిపోతే తమంతట తామే పట్టుకొనే బ్రేకులు - మూడూ ప్రయాణికుల రైళ్లకు తప్పనిసరి అయ్యాయి. ఈ మూడింటిలో ఏదీ ఆనాడు కొత్తగా కనిపెట్టినది కాదు.

భారతదేశానికి రైలు వచ్చేటప్పుడు దానితో పాటు నిబంధనలు కూడా ఓడ దిగాయి. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుండి ఠాణాకు తొలి ప్రయాణికుల రైలు నడిచింది. మరుసటి ఏడే రైల్వేలపై మొదటి చట్టం వచ్చింది. 1856లో మద్రాసు రాయపురం నుండి వాలాజా రోడ్డు వరకు, 1871 నాటికి మద్రాసు నుండి కడప, గుత్తి ప్రాంతాల మీదుగా రాయచూరు వరకు పట్టాలు సాగాయి. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు చేరింది. వీరాస్వామయ్య కాలంలో పల్లకీమీద దాటిన నేలను తెలుగువాడు ఇప్పుడు అట్టముక్క కొని దాటసాగాడు.

ఇక్కడి చట్టాలలో ముఖ్యమైనది 1890 నాటి రైల్వే చట్టం. ఇంగ్లండు అరవై ఏళ్లపాటు ప్రాణాలు పోగొట్టుకొని నేర్చుకొన్నదంతా అందులో కనిపిస్తుంది. ఈ దేశపు అవసరాలకు తగిన మాటలు కొన్ని అదనంగా ఉన్నాయి. ప్రతి ప్రయాణికుల రైలులోనూ అన్నిటికంటె తక్కువ తరగతిలో కనీసం ఒక గదిని స్త్రీలకు ప్రత్యేకించాలి. రైలు యాభై మైళ్లకు మించి పోయేదైతే అటువంటి గది ఒకదానిలో మరుగుదొడ్డి ఉండాలి. తోటివారి సమ్మతి లేకుండా గదిలో పొగ తాగితే ఇరవై రూపాయల వరకు జరిమానా. అకారణంగా గొలుసు లాగితే యాభై రూపాయల వరకు. ప్రతి గదిలో ఎందరు కూర్చోవచ్చో నిర్ణయించి, ఆ సంఖ్యను అందరికీ కనబడేటట్లు ఇంగ్లీషులోనో, దేశభాషలోనో, రెండింటిలోనో రాయాలి. ఆ సంఖ్య నిండిన గదిలో ఎక్కి, దిగమన్నా దిగని ప్రయాణికునికి ఇరవై రూపాయల వరకు జరిమానా. నిండిన గదిలోకి ప్రయాణికులను బలవంతంగా తోసే రైలు ఉద్యోగికి కూడా ఇరవై రూపాయల వరకు జరిమానా. తక్కెడ సమానంగానే తూగినట్లు కనిపిస్తుంది.

1917 సెప్టెంబరులో గాంధీజీ బొంబాయి నుండి మద్రాసుకు మూడో తరగతిలో ప్రయాణించాడు. ఛార్జీ పదమూడు రూపాయల తొమ్మిదణాలు. దక్షిణాఫ్రికా నుండి తిరిగివచ్చాక ఆయన కోరి మూడో తరగతిలోనే తిరుగుతున్నాడు. ఆ ప్రయాణానుభవాన్ని ఆయన అదే నెలలో రాంచీ నుండి పత్రికలకు లేఖగా రాశాడు. ఆయన ఎక్కిన పెట్టెమీద 22 అన్న సంఖ్య రాసి ఉన్నది. అది కూర్చోవడానికి మాత్రమే సరిపోయే చోటు. ప్రయాణం మాత్రం రెండు రాత్రులు. పూనా వరకు ఆ సంఖ్య దాటలేదు. అదైనా చట్టం వల్ల కాదు, లోపలి బలవంతులు బయటివారిని అడ్డుకోవడం వల్ల. రాయచూరు దాటాక ఒత్తిడి భరించరానిదయింది. ఆ రైలు అక్కడినుండి ఆదోని, గుంతకల్లు, కడప, రేణిగుంటల మీదుగా పోతుంది. ఆ రాత్రి చాలాసేపు పెట్టెలో 35 మంది ఉన్నారు. కొందరు మురికి నేలమీద పడుకొన్నారు. కొందరు నిలబడే గడిపారు. గార్డులు ఆ పెట్టెలోకి వచ్చినది మరికొందరిని తోయడానికే. అయిదు రాత్రులుగా ప్రయాణంలో ఉన్న వర్తకుడొకడు ఇదేమి అన్యాయమని అడిగితే గార్డు అతన్ని అవమానించి, చెప్పుకొనేదేమైనా ఉంటే రైలు ఆఖరి స్టేషనులో అధికారులతో చెప్పుకోమన్నాడు.

అలా తోయడం నేరమనీ, దానికి జరిమానా ఉన్నదనీ ఆ వర్తకునికి తెలుసో లేదో. తెలిసినా నడిరాత్రి, కదిలే రైలులో, ఏ మేజిస్ట్రేటు ముందు నిలిచి అడగగలడు? టిక్కెట్టు లేని ప్రయాణికుణ్ణి పట్టుకోవడానికి స్టేషను స్టేషనుకు మనిషి ఉన్నాడు. గోడమీది సంఖ్యను, లోపలి తలలను లెక్కపెట్టి పోల్చడానికి ఎవరూ లేరు. మొదటి తరగతి ఛార్జీ మూడో తరగతికి అయిదు రెట్లకు పైనే గాని, సౌకర్యంలోని తేడా ఆ లెక్కకు అందదని గాంధీజీ ఆ లేఖలోనే ఎత్తిచూపాడు.

1890 నాటి చట్టం స్థానంలో 1989లో కొత్త రైల్వే చట్టం వచ్చింది. 1990 జులై నుండి అది అమలులోకి వచ్చింది. పాత చట్టంలోని అనేక నియమాలు మాట మారినా భావం మారకుండా ఇందులో చేరాయి. 57వ సెక్షను ప్రకారం ఒక్కొక్క గదిలో ఎందరు ప్రయాణించవచ్చో నిర్ణయించి, ఆ సంఖ్యను లోపల గాని వెలుపల గాని స్పష్టంగా కనబడేటట్లు హిందీలోనూ ఇంగ్లీషులోనూ, రైలు పోయే ప్రాంతాలలో వాడుకలో ఉన్న భాషలలో కనీసం ఒకదానిలోనూ రాసి ఉంచాలి.